నారి కురుపు: పుల్లకు చుట్టి పురుగును సరిగ్గా ఎట్లా తీసేవాళ్లు? మందు లేకుండానే జబ్బు ఎట్లా పోయింది?

ములుగురోడ్డు_సైన్స్_టీచర్:

అందరికీ నమస్కారం. హన్మకొండ దగ్గరి ఒక హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలతో "మన ఊర్లల్ల ఇప్పుడు కనబడని జబ్బులు" అని ఒక ప్రదర్శన పెడుతున్నం. మశూచి గురించి కావలసినంత సమాచారం దొరికింది. నారి కురుపు దగ్గర మాత్రం ఆగిపోయినం. పెద్దమనుషులను అడిగితే "కాల్లకెల్లి దారం లెక్క పురుగు ఎల్లేది, పుల్లకు చుట్టి రోజుకింత గుంజేటోళ్లు" అంటరు. అంతకు మించి వివరం రావట్లేదు.

తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు. రోజుకు ఎంత పొడవు తీసేవాళ్లు, ఎందుకు అంత మెల్లగా తీయాలి, మధ్యలో తెగితే ఏమయ్యేది? దీనికి టీకా గాని, పురుగును చంపే మందు గాని లేదని చదివిన. మరి ఎట్లా పోయింది? ఒక పిల్ల వాళ్ల నానమ్మ మోకాలి ఎక్స్‌రే తెచ్చింది, పిక్కలో తెల్లటి తాడు ముక్కలాగా గీత ఉంది. అది నారి పురుగేనా, ఆమెకు ఇప్పుడు ఏమన్నా చేయించాలా? మా పక్క ఊర్లో పూడిక తీసి మెట్ల బావిని బాగు చేస్తున్నరు. పిల్లలు అందులో దిగితే మళ్లీ వస్తదా అని తల్లిదండ్రులు అడుగుతున్నరు. చివరగా, వైద్యుల గుర్తులో కర్రకు చుట్టుకున్న పాము అసలు ఈ పురుగేనని చార్టు మీద రాద్దామనుకుంటున్నం. రాయొచ్చా?

పరాన్నజీవి_పాఠం:

టీచర్ గారూ, చార్టు మొదలుపెట్టే ముందే ఒకటి సరిచేసుకోండి. నారి కురుపు వేరు, బోదకాలు వేరు. పాత పుస్తకాల్లో నారి పురుగుకు "ఫైలేరియా మెడినెన్సిస్" అనే పేరుండేది కాబట్టి చాలామంది రెండింటినీ కలిపేస్తారు. బోదకాలు దోమ కాటుతో వస్తుంది. నారి కురుపు తాగిన నీళ్లతో వస్తుంది. ఈ పురుగుకు ఇప్పటి శాస్త్రీయ నామం డ్రాకంక్యులస్ మెడినెన్సిస్.

నిలవ నీళ్లలో సైక్లాప్స్ అనే చిన్న జీవి ఉంటుంది. ఒకటి, రెండు మిల్లీమీటర్లే, వెలుతురుకు పట్టి చూస్తే చుక్కలా గెంతుతూ కనిపిస్తుంది. నారి పురుగు పిల్లలను అది తింటుంది. దాని ఒంట్లో అవి రెండుసార్లు కుబుసం విడిచి, దాదాపు రెండు వారాల్లో మనిషికి సోకే దశకు వస్తాయి. ఆ నీళ్లు వడకట్టకుండా తాగితే కడుపులోని ఆమ్లానికి సైక్లాప్స్ చచ్చిపోతుంది, లోపలి పిల్లలు మాత్రం బతికి బయటపడతాయి. పేగు గోడ దాటి పొట్ట లోపలి కణజాలంలోకి పోతాయి, అక్కడే పెరిగి జతకడతాయి. మగది నాలుగు సెంటీమీటర్ల లోపే, జతకట్టాక లోపలే చచ్చిపోతుంది. ఆడది 60 నుంచి 100 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మందం రెండు మిల్లీమీటర్ల లోపు. ఉడికిన సేమ్యా పోగు అనుకోండి. అది చర్మం కిందుగా మెల్లగా కిందికి జారుతుంది. నూటికి 80, 90 కేసుల్లో మోకాలి కిందనో పాదంలోనో తేలుతుంది.

తాగిన రోజు నుంచి పురుగు బయటపడేదాకా 10 నుంచి 14 నెలలు పడుతుంది. చార్టులో ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాయించండి. పోయిన ఎండాకాలం తాగిన నీళ్లకు ఈ ఎండాకాలం పుండు పడుతుంది. ఏడాది కిందటి బిందె నీళ్లకూ ఇవాళ్టి బొబ్బకూ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? అన్ని వందల ఏళ్లు జనం కారణం పట్టలేకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. పైగా అది దుక్కులు, విత్తనాల కాలం. ఇంట్లో పనిచేసే మనిషి వారాల తరబడి మంచం మీదుంటే ఆ ఏడు పంట ఏమవుతుందో మీ పిల్లలకు చెప్పనక్కర్లేదు.

ఇక పుల్ల సంగతి. మొదట బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు మనిషి కాలు నీళ్లలో పెడతాడు. బొబ్బ పగిలి, పురుగు కొస బయటికొచ్చి, పాలలాంటి ద్రవంతో లక్షల పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. అందుకే వైద్యంలో మొదటి పని కాలును బకెట్ నీళ్లలో నానబెట్టడం. చెరువులో కాదు, బావిలో కాదు, బకెట్‌లో. ఇట్లా చేస్తే పురుగు తన పిల్లలను చాలావరకు అందులోనే కక్కేసి మెత్తబడుతుంది. ఆ బకెట్ నీళ్లను బావికీ చెరువుకూ దూరంగా ఎండిన నేల మీద పారబోయాలి. తర్వాత పుండు శుభ్రం చేసి, బయటికొచ్చిన కొసను తడి గాజుగుడ్డ చుట్టిన అగ్గిపుల్లంత పుల్లకు చుట్టాలి. లాగేటప్పుడు పురుగు జారి రావాలి. చేతికి బిగువు తగిలిందా, ఆ క్షణమే ఆపాలి. చుట్టిన పుల్లను అట్లాగే చర్మం మీద ఆనించి కట్టు కట్టేయాలి, మర్నాడు మళ్లీ నానబెట్టి మళ్లీ చుట్టాలి. రోజుకు కొద్ది సెంటీమీటర్లే వస్తుంది. 80 సెంటీమీటర్ల పురుగు రోజుకు 4 సెంటీమీటర్ల చొప్పున వస్తే 20 రోజులు. ఒక్కోసారి నెల దాటేది.

తొందరపడి లాగితే ఎందుకు తెగుతుందంటే, లోపల పురుగు తిన్నగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. చుట్టూ వాపు వచ్చి కణజాలం దాన్ని పట్టేసి ఉంటుంది. తెగితే మిగిలిన ముక్క లోపలికి ముడుచుకుపోయి, దాని ఒంట్లో మిగిలిన పిల్లలన్నీ కండరాల మధ్య చిమ్ముతాయి. గంటల్లో కాలు ఉబ్బుతుంది, చీము గడ్డ కడుతుంది. చీలమండ దగ్గరో మోకాలి దగ్గరో అయితే కీలు బిగుసుకుపోయి జీవితాంతం కుంటే. పుండు మీద పేడ, బూడిద రాయడం, కాల్చిన ఇనుముతో వాత పెట్టడం ఇంకా పెద్ద ప్రమాదం, వాటితో చీము పట్టడం సరే, ధనుర్వాతం కూడా రావచ్చు. చాలా కేసుల్లో మనిషిని పడగొట్టింది పురుగు కంటే పుండులో చేరిన బాక్టీరియానే. అందుకని పుల్లతో పాటు శుభ్రమైన కట్టు, యాంటీబయాటిక్ పూత, ధనుర్వాతం ఇంజెక్షన్ వైద్యంలో భాగమయ్యాయి.

మెట్రోనిడజోల్ లాంటి మాత్రలు వాడిన మాట నిజమే. అవి వాపు తగ్గించి పురుగు కాస్త సులువుగా జారేట్టు చేస్తాయి గాని పురుగును చంపవు. రాజస్థాన్‌లో కొందరు స్థానిక వైద్యులు బొబ్బ లేవకముందే చర్మం కింద పురుగు మెలికను వేలితో తడిమి పట్టుకుని, దాని నడుమ దగ్గర చిన్న గాటు పెట్టి, కొక్కెంతో లేపి మొత్తం పురుగును ఒకేసారి తీసేవాళ్లు. తర్వాత డాక్టర్లు మత్తు ఇంజెక్షన్, శుభ్రమైన పనిముట్లతో అదే పద్ధతిని వాడారు. కొస నుంచి కాకుండా నడుమ నుంచి లాగితే రెండు వైపులా సగం సగం దూరమే జారాలి కాబట్టి తెగే అవకాశం తక్కువ. పురుగు చర్మం కింద చేతికి తగిలినప్పుడు మాత్రమే ఇది కుదురుతుంది.

ఇంకొకటి, ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదనేది లేదు. దీనికి ఒంట్లో రక్షణ ఏర్పడదు. అదే బావి నీళ్లు తాగినవాళ్లకు ఏటేటా వచ్చేది.

ఫిల్మ్_మీద_నీడ:

ఎక్స్‌రే ప్రశ్నకు నేను చెప్తాను. బయటికి రాకుండా లోపలే చచ్చిపోయిన పురుగు మీద సున్నం పేరుకుంటుంది. ఎక్స్‌రేలో అది పొడవాటి, మెలికల గీతగా, చాలాసార్లు అక్కడక్కడా తెగిన తాడులా, ఒక్కోసారి ఉండ చుట్టిన దారంలా కనబడుతుంది. పిక్క, తొడ, పాదం, కటి భాగం, ఎక్కడైనా ఉండొచ్చు.

ఫొటో చూడకుండా అవునని చెప్పను, ఎందుకంటే దీన్ని పోలినవి మూడున్నాయి. రెండు సన్నటి గీతలు రైలు పట్టాల్లా పక్కపక్కనే, రక్తనాళం పోయే దారిలోనే పోతుంటే అది ధమని గోడలో పేరుకున్న సున్నం. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువ. బియ్యపు గింజల్లాంటి చిన్న చిన్న తెల్లటి మచ్చలు కండరాల పోగుల వరుసలో చాలా ఉంటే అది బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే సిస్టిసర్కోసిస్. గుండ్రటి చుక్కలు, మధ్యలో కొంచెం పలుచగా ఉంటే సిరల్లోని రాళ్లు. ఒకే గీత, మెలికలు, రక్తనాళం దారితో పొంతన లేకపోవడం, ఈ మూడూ కలిస్తేనే నారి పురుగు అనుకోవాలి. వయసు కూడా చూడాలి. మన దేశంలో చివరి కేసు 1996 నాటిది. ఆ తర్వాత ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాళ్ల ఎక్స్‌రేలో ఇట్లాంటి గీత ఉంటే వేరే కారణం వెతకాలి.

నానమ్మకు అది నారి పురుగే అయినా చేయాల్సింది ఏమీ లేదు. అది సున్నంగా మారిన శవం, ఎవరికీ అంటదు. నరాన్ని నొక్కుతుంటేనో, కీలులో ఉండి కదలిక ఆపుతుంటేనో, చీము పడితేనో తప్ప ఆపరేషన్ అక్కర్లేదు. నట్టల మాత్ర వేసినా దానికి ఏ పనీ ఉండదు. ఆమెకు మోకాలి నొప్పి ఉంటే కారణం ముందుగా కీలు అరుగుదలలో చూడాలి. అదే ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య సందు ఎంతుందో డాక్టరును చూడమనండి. పిక్కలో గీత కనబడగానే నొప్పినంతా దాని మీదికి నెట్టేయడం మామూలుగా జరిగే తప్పు.

ప్రదర్శనలో పెట్టేటప్పుడు ఫిల్మ్ మూలన ఉన్న పేరు, వయసు, ఆసుపత్రి నంబరు మీద నల్ల టేపు అంటించండి. ఆమెను అడిగి ఒప్పుకుంటేనే పెట్టండి.

నీళ్ల_లెక్క:

పోయింది ఎట్లా అన్నదానికి జవాబు బావి గట్టు మీదనే ఉన్నది సార్.

మెట్ల బావిని ఒకసారి మనసుల పెట్టుకోండి. మనిషి మెట్లు దిగి, చీలమండ మునిగేదాకా నీళ్లల్ల నిలబడి బిందె ముంచుతడు. కాలికి పుండుంటే పురుగు పిల్లలను అక్కడనే వదులుతది. అవి నీళ్లల్ల కొద్ది రోజులకు మించి బతకవు, ఆ లోపల సైక్లాప్స్ మింగాలె. మెట్ల బావిల సైక్లాప్స్‌కు తక్కువేం లేదు. ఎండాకాలం నీళ్లు అడుగుకు దిగుతయి, ఉన్న సైక్లాప్స్ అన్నీ ఆ కొద్ది నీళ్లల్ల చిక్కగ చేరుతయి, అప్పుడే ఊరంత అదే బావి మీద పడతది. మనిషి కాలు, తాగే నీళ్లు ఒక్కచోట కలిసే ఏర్పాటు ఇంత పక్కాగ ఇంకెక్కడ ఉండదు. చేదబావిల గట్టు మీద నిలబడి తాడుతో చేదుతం, కాలు నీళ్లను తాకదు. బోరింగుల అసలు సైక్లాప్సే ఉండదు.

దేశంలో నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలైంది. ఢిల్లీల ఉన్న జాతీయ అంటువ్యాధుల సంస్థ నడిపింది. 1984ల దాదాపు 40 వేల కేసులు, 7 రాష్ట్రాలల్ల. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఏడింటిల ఒకటి. చేసిన పనులు నాలుగు, ఒక్కటి తప్పినా మిగతావి ఆగవు గాని ఆలస్యమైతది. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి మెట్ల బావిని చేదబావి చేసుడు, లేకపోతే ఊరికి బోరింగు వేసుడు. మూయలేని బావిల సైక్లాప్స్‌ను చంపే మందు వేసుడు. ఇంట్ల నీళ్లు గుడ్డతో వడగట్టుడు. పురుగు బయటపడ్డ మనిషిని 24 గంటలల్ల గుర్తుపట్టి, కట్టు కట్టి, పురుగు పూర్తిగ ఎల్లేదాకా నీళ్లల్ల దిగకుండ చూసుడు. నా లెక్కల ఈ నాలుగోదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఇల్లిల్లు తిరిగి అడగాలె.

మందు పేరు టెమిఫాస్. లీటరు నీళ్లకు ఒక మిల్లీగ్రాము పడాలె. తాగే నీళ్లల్ల వేసినా ఇబ్బంది లేని మోతాదు అది. 50 శాతం ద్రావణంల లీటరుకు 500 గ్రాముల మందు ఉంటది. ఒక ఘనపు మీటరు నీళ్లంటే వెయ్యి లీటర్లు, దానికి ఒక గ్రాము కావాలె, అంటే 2 మిల్లీలీటర్ల ద్రావణం. బావిల నీళ్ల వెడల్పు 6 మీటర్లు, పొడవు 5 మీటర్లు, సగటు లోతు 2 మీటర్లు అనుకుంటే 60 ఘనపు మీటర్లు, 120 మిల్లీలీటర్లు. దాన్ని బకెట్ నీళ్లల్ల కలిపి అంచు పొంటి, నడుమ సమానంగ పోయాలె.

తప్పులు ఎక్కడ జరుగుతయంటే, మొదటిది లోతు. మెట్ల బావి అడుగు ఒక పక్క లోతు, మెట్ల పక్క మెరక. తాడుకు రాయి కట్టి లోతున్న దగ్గర ఒక్కసారే కొలిస్తే లెక్క రెట్టింపు వస్తది. నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయాలె. రెండోది, ఏప్రిల్ల కొలిచిన లెక్కతో జూన్ల మందు పోసుడు. వానకు నీళ్లు పెరిగితే పాత మోతాదు పలుచనైతది. మూడోది, ఒక్కసారి పోసి ఊకునుడు. మందు పని నాలుగు వారాలే, సీజన్ అయ్యేదాకా ప్రతి నాలుగు వారాలకు వేయాలె. బ్లీచింగ్ పౌడర్ మామూలుగ వేసే మోతాదు సైక్లాప్స్‌కు సరిపోదు. బాక్టీరియా చచ్చినంత సులువుగ అది చావదు.

చివరి కేసు 1996 జులైల, రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాల. అటెన్క మూడేండ్లకు పైగ ఒక్క కేసు లేదని గాలించి రుజువు చేసినంక, 2000 ఫిబ్రవరిల ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ధ్రువపత్రం ఇచ్చింది.

మీ పక్కూరి బావి గురించి: సైక్లాప్స్ ఇప్పటికీ మన చెరువులల్ల, కుంటలల్ల నిండా ఉన్నయి. వాటితో వచ్చే నష్టం లేదు. పురుగున్న మనిషి నీళ్లల్ల దిగితేనే వాటికి పురుగు పిల్లలు దొరుకుతయి, ఆ మనిషి మన దగ్గర లేడు. కాబట్టి నారి కురుపు భయంతో మెట్ల బావిని మూయాల్సిన పని లేదు. తాగనీయకండి, అది వేరే జబ్బుల కోసం. పూడిక తీసిన కొత్తల మెట్ల మీద నాచు జారుతది, లోతు తెల్వదు. పిల్లలకు అసలు భయం అది. చిన్నగ ఒక గొలుసు, లోతు గీసిన ఒక బోర్డు పెట్టించమని పంచాయతీని అడగండి.

పాత_బీరువా:

పాము కర్ర సంగతి: అట్లా రాయకండి. గ్రీకుల వైద్య దేవత అస్క్లీపియస్ కర్రకు చుట్టుకున్నది ఈ పురుగేనని కొందరు ఈ కాలంలో ఊహించారు. చూడ్డానికి పోలిక ఉంది, అంతే. గ్రీకు గుళ్లలో నిజమైన పాములనే పెంచేవాళ్లు, కుబుసం విడిచి కొత్తదయ్యే జీవి అని పాముకు అక్కడ స్థానం. "ఇట్లా ఒక ఊహ ఉంది, రుజువు లేదు" అని రాస్తే పిల్లలకు ఇంకా మంచి పాఠం.

రుజువున్నవి చాలా ఉన్నాయి, వాటిని పెట్టండి. ఇంగ్లండులోని మాంచెస్టర్ మ్యూజియంలో 1770 నంబరు ఈజిప్టు మమ్మీని 1975లో విప్పి చూస్తే, పదమూడేళ్ల ప్రాయపు ఆ పిల్ల పొట్టలో సున్నంగా మారిన నారి పురుగు దొరికింది. ఇబ్న్ సినా తన వైద్య గ్రంథంలో దీన్ని మదీనా నరం అన్నాడు. మన యునానీ హకీములు వాడే "ఇర్ఖె మదనీ" అదే మాట. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరులో "మెడినెన్సిస్" వచ్చిందీ మదీనా నుంచే.

పేర్లలోనే ఒక సంగతి దాగి ఉంది. అరబ్బీలో నరం. ఆయుర్వేదంలో "స్నాయుక", అంటే స్నాయువు లాంటిది. తెలుగులో "నారి" అనగానే వింటినారి గుర్తొస్తుంది. మూడు చోట్లా తాడునూ నరాన్నీ తలచుకున్నారు. ఇది ప్రాణమున్న పురుగా, చెడిపోయి బయటికొస్తున్న నరమా అని వైద్యులు చాలా కాలం వాదించుకున్నారు. పుల్లకు చుట్టేవాడి చేతికి నిజం ఎప్పుడో తెలుసు, పుస్తకాల్లోకి ఎక్కడానికి ఆలస్యమైంది.

సైక్లాప్స్ పాత్రను పట్టుకున్నది రష్యాకు చెందిన అలెక్సీ ఫెడ్‌చెంకో, 1870 ప్రాంతంలో, తుర్కిస్తాన్‌లో. పురుగు పిల్లలు సైక్లాప్స్ ఒంట్లోకి చేరి అక్కడ కుబుసం విడవడం చూశాడు. కుక్కలకూ పిల్లులకూ ఆ నీళ్లు పట్టి చూశాడు గాని వాటికి సోకలేదు, గొలుసులో చివరి ముడి పడలేదు. 1873లో ఆల్ప్స్ పర్వతాల్లో మోంట్ బ్లాంక్ ఎక్కుతూ 29 ఏళ్లకే చనిపోయాడు. ఆ ముడి వేసినవాడు రాబర్ట్ లీపర్, 1907లో. పురుగు పిల్లలున్న సైక్లాప్స్‌ను కోతికి తినిపించి, ఆరు నెలల తర్వాత దాని ఒంట్లో పురుగులను చూపించాడు. అంతకంటే మీకు పనికొచ్చే ప్రయోగం ఇంకొకటి చేశాడు. కడుపులో ఉండేంత పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.2 శాతం, సైక్లాప్స్ మీద వేశాడు. సైక్లాప్స్ చచ్చింది, లోపలి పిల్లలు చురుకై బయటికొచ్చాయి. వడకట్టడం ఎందుకో ఆ ఒక్క ప్రయోగం చెప్పేస్తుంది.

మన వాళ్లకు దగ్గరి పోలిక కావాలంటే, రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. చిన్న జీవి ఒంట్లో పెరిగి మనిషికి చేరే పరాన్నజీవి అనే ఆలోచనకు ఫెడ్‌చెంకో అంతకు పాతికేళ్లకు పైగా ముందే దారి వేశాడు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది, ఫెడ్‌చెంకో పేరు పాఠ్యపుస్తకాల్లో కూడా అరుదు. మీ చార్టులో ఆ పేరు తప్పక ఉండాలని నా కోరిక.

1936లో మైసూరు సంస్థానంలో మూర్తి, స్వీట్ అనే ఇద్దరు బావుల్లో సైక్లాప్స్‌ను తినే చేపలు వదిలే పద్ధతి రాశారు. రసాయనం లేని రోజుల్లో అది మంచి ఆలోచన.

"ప్రపంచం నుంచి పూర్తిగా పోయింది" అని మాత్రం రాయకండి. 1986లో ఏడాదికి 35 లక్షల కేసులని అంచనా. 2024లో మొత్తం 15, అన్నీ ఆఫ్రికాలోని చాద్, దక్షిణ సూడాన్‌లలోనే. చాద్‌లో 2012 నుంచి కుక్కల్లో కూడా ఈ పురుగు కనబడుతుండటంతో చివరి అడుగు కష్టమైంది.

ములుగురోడ్డు_సైన్స్_టీచర్:

అందరికీ చాలా థాంక్స్. పాము కర్ర తీసేసి ఫెడ్‌చెంకోను పెడుతున్నం. పిల్లలు చేతితో చేసి చూపించేది ఏదన్నా ఉంటే చెప్పండి. బడిలో ఒక మామూలు మైక్రోస్కోపు, నాలుగు భూతద్దాలు ఉన్నయి.

పరాన్నజీవి_పాఠం:

రెండు చేయించండి.

ఒకటి సైక్లాప్స్. చెరువు అంచున, మొక్కలున్న చోట, పొద్దున నీళ్లు తేండి. ఐదు లీటర్లను సన్నటి నేత గుడ్డలోంచి మెల్లగా పోయండి. గుడ్డను తిరగేసి, పావు గ్లాసు శుభ్రమైన నీళ్లతో తెల్లటి పింగాణీ ప్లేటులోకి కడగండి. ఐదు లీటర్లలో ఉన్నవన్నీ ఆ పావు గ్లాసులోకి వచ్చేస్తాయి. భూతద్దంతో చూస్తే కుదుపు కుదుపుగా ఈదే చుక్కలు కనబడతాయి. ఒకదాన్ని డ్రాపర్‌తో స్లైడు మీద వేసి తక్కువ పవర్‌లో చూడండి. తల మధ్యలో ఒకే కన్ను, ఆడదానికి తోక పక్కన రెండు గుడ్ల సంచులు. గెంతడం ఆగకపోతే స్లైడు మీద దూది పోగులు రెండు వేయండి, వాటిలో చిక్కుకుంటుంది. మూత వేసిన సీసాలో నీళ్లు ఎండలో పెడితే గంటలో చచ్చిపోతాయి, నీడలో ఉంచండి. పని అయ్యాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రెండోది పుల్ల. అగర్ గాని చైనా గ్రాస్ గాని మామూలు కంటే పలుచగా కలిపి ట్రేలో సగం పోసి, గడ్డకట్టబోయే ముందు ఉడికించిన పొడవాటి నూడుల్ ఒకటి మెలికలుగా పరిచి, మిగతా సగం పైన పోయండి. ఒక కొస బయటికి ఉండాలి. గడ్డకట్టాక ఒక పిల్లను గబుక్కున లాగమనండి, తెగుతుంది. ఇంకో ట్రేలో కొస దగ్గర గోరువెచ్చటి నీళ్లు వేసి, పుల్లకు చుట్టుతూ మెల్లగా, బిగువు తగిలినప్పుడల్లా ఆగుతూ తీయమనండి. నూడుల్ ఎక్కువ ఉడికితే రెండూ తెగుతాయి, కాస్త పలుకు ఉండగానే దించండి. ముందురోజు ఒకసారి చేసి చూసుకోండి, అగర్ గట్టిగా ఉంటే మెల్లగా లాగినా రాదు.

నీళ్ల_లెక్క:

వడగట్టుడు కూడ చూపిస్తరు కాబట్టి ఒకటి చెప్పాలె, ఊర్లల్ల నిజంగ ఇక్కడనే దెబ్బ తినేది. గుడ్డకు ఒక మూల రంగు దారంతో కుట్టు వేసి గుర్తు పెట్టండి, ఆ ముఖం ఎప్పుడూ పైకే ఉండాలె. నిన్న పైన ఆగిన సైక్లాప్స్ ఆ ముఖానికి అంటుకొని ఉంటయి. ఇయ్యాల గుడ్డ తిరగేసి బిందె మీద పరిస్తే, పోసిన నీళ్లే వాటిని కడిగి బిందెలకు దించుతయి. వడగట్టినట్టే ఉంటది, తాగేది నిన్నటి సైక్లాప్స్. కార్యక్రమంల వాడిన నైలాన్ జాలి కన్ను ఒక మిల్లీమీటరుల పదో వంతు, పాత పంచె అయితే రెండు మడతలు వేయాలె. చిరుగు ఉన్నదా లేదా అని వెలుతురుకు పట్టి చూడాలె, ఒక్క చిల్లు చాలు. మూతికి తాడుతో బిగించి కట్టాలె, లేకుంటే పోసేటప్పుడు అంచు జారి నీళ్లు పక్కకెల్లి దిగుతయి. వడగట్టినంక గుడ్డను బావి గట్టున ఉతకొద్దు, దూరంగ ఉతికి ఎండకు ఆరేయాలె. ఆరితే మిగిలినవి చస్తయి.